ఆరోగ్యసామి వరుస

నాయనకు ఆపరేషన్ జరగాలంటే ముందు జరగాల్సిన పనులు:

బీడీ మానాలి. పూర్తిగా మానాలి. అమ్మ చూడనప్పుడు తాగేది కూడా బీడీయే.

దగ్గు తగ్గాలి. ఇది పత్తి దుమ్ము దగ్గు. దగ్గు పెట్టుకొని కోస్తే కుట్లు నిలవవు.

రొమ్ము ఎక్స్‌రే తీయించాలి. రక్తం, ఒంటేలు పరీక్షకు ఇవ్వాలి.

మా తరపున ఒక గట్టి మనిషి రక్తం ఇచ్చేదానికి ఒప్పుకోవాలి.

మిల్లులో లీవు అడగాలి.

వార్డులో పక్కన ఉండేదానికి అమ్మ పోవాలి. అమ్మ పోతే మేకల్ని ఎవరు చూస్తారో తేలాలి.

ఇవన్నీ అయినాక, పిలుపు వచ్చేదాకా ఇంట్లో కాచుకొని ఉండాలి.

ఆసుపత్రిలో చెప్పింది చెప్పినట్టే క్యాలెండరు కాగితం వెనక రాసి గోడకు అంటించాను. మా ఇంట్లో రాసే పని కూతురినైన నాదే. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. బి.ఏ. ముగించి, తాలూకా ఆఫీసులో క్లర్కుగా చేరి కొన్ని నెలలే అయింది. మిల్లు సంగు, అంటే సైరను, ఊదితే కోయంబత్తూరంతా గడియారం సరిచేసుకునే రోజులవి.

నాయన పేరు ఈశ్వరన్. సింగానల్లూరు పక్క మిల్లులో పత్తి రూములో పని. బేళ్ళు విప్పి, పత్తి చేతులతో ఎత్తి మిషన్లో వేయాలి. బేళ్ళు దొర్లించీ ఎత్తీ గజ్జల్లో పేగు జారింది. నిలబడితే నిమ్మకాయంత ఉబ్బు వచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. చాన్నాళ్ళు మాకు చెప్పలేదు. పంచె కట్టు మార్చుకొని తిరిగినాడు. అమ్మే కనిపెట్టి మిల్లు కార్డు డిస్పెన్సరీకి తీసుకుపోతే, అక్కడ చూసి పెద్దాసుపత్రికి రాసి పంపినారు.

గోడమీది పనులు ఒకటొకటే కొట్టేసుకుంటూ వచ్చాము. రక్తం ఇస్తానని ముందుకొచ్చింది అమ్మ తమ్ముడు ఆండి మామ. సూది చూసి ఆయనే పడిపోతే, ఆసుపత్రివాళ్ళు ఆయన మొహాన నీళ్ళు చల్లి లేపి, అప్పుడు తీసుకున్నారు. "బావకు నా రక్తం ఎక్కితే ఇంక మిల్లులో ఎవడికీ భయపడడు" అని మేముండే మిల్లు లైన్ ఇళ్ళలో నెలంతా చెప్పుకున్నాడు. నాయన బీడీ కట్ట తీసి పొయ్యిలో వేసినాడు. అమ్మ ఆ పొయ్యిమీదే కంజి కాచింది.

దగ్గు ఇంకా పూర్తిగా పోలేదు, అది కాక మిగిలింది చివరి పని, కాచుకొని ఉండడం. కాచుకోవడం నాయనకు రాదని కాదు. ఆయనకు తెలిసిన కాచుకోవడం వేరు.

మిల్లులో పర్మనెంటు కాకముందు నాయన ఏళ్ళతరబడి బదిలి. బదిలి అంటే, రోజూ సంగు ఊదకముందే గేటు దగ్గర నిలబడాలి. లోపల ఎంతమంది రాలేదో చూసుకొని మేస్త్రి బయటికి వస్తాడు, నిలబడినవాళ్ళలో కొందరిని పిలుస్తాడు, మిగతావాళ్ళు ఇంటికి. మేస్త్రి కంటికి ఆనాలి. రోజూ ఆనాలి. కొన్నాళ్ళు కనబడకపోతే పేరే ఉండదు. గేటు దగ్గర ఊరికే చేతులు కట్టుకొని నిలబడినవాణ్ణి ఎవరూ పిలవరు కాబట్టి, బండి వస్తే చెయ్యి వేయాలి, చెత్త ఉంటే ఊడ్చాలి. నాయన అట్లా నిలబడి నిలబడి పర్మనెంటు అయినాడు. నన్ను చదివించింది ఆ నిలబడడమే.

నాయనది సాయంకాలం షిఫ్టు. పొద్దున్నే తలకు గుడ్డ చుట్టుకొని బయటికి పోయి, ఎండ ఎక్కినాక వచ్చేవాడు. టీ కొట్టుకు అనుకున్నాం.

వారాలు గడిచినా పిలుపు రాలేదు. ఆఫీసుకు పర్మిషన్ పెట్టి నేనే ఆసుపత్రికి పోయాను. మా ఆఫీసులో ముందు వచ్చిన కాగితం ముందు, వెనక వచ్చింది వెనక. ఆసుపత్రీ అంతే అనుకొని, మగవాళ్ళ సర్జరీ వార్డులో సిస్టర్ ముందు నిలబడి, మా కాగితం ఎంత కిందికి పోయిందని అడిగాను. ఆమె పేరు మరియపుష్పం. లావుపాటి మనిషి, గొంతు అంతకన్నా లావు. అరవంలోనే మాట్లాడుతుంది.

"పేరు?"

"ఈశ్వరన్. పత్తి మిల్లు. పేగు జారడం."

"ఈశ్వరనా?" అని పుస్తకం తీయబోయి ఆగింది. "ఏ ఈశ్వరన్? మా ఈశ్వరన్ కాదు కదా? స్ట్రెచర్ తోస్తాడే?"

ఆ మాట ముగియకముందే వార్డు తలుపు తోసుకొని మాసిన దుప్పట్ల బండి వచ్చింది. దాని వెనక నాయన. నన్ను చూసి బండి ఆపినాడు. తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు.

"నాయనా! ఇక్కడ ఏం చేస్తాండావు?"

"నిలబడితి."

"నిలబడితే బండి ఎందుకు తోస్తాండావు?"

"ఊరికే నిలబడినోణ్ణి ఎవరు పిలుస్తారు పొన్నూ?"

సిస్టర్‌కు మా తెలుగు అర్థం కాలేదు. నేను అరవంలో, మిల్లు గేటు, మేస్త్రి సంగతి కూడా కలిపి చెప్పాను. ఆమె రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆయన ఎవరో రోగికి చుట్టమనీ, మంచి మనసుతో సాయం చేస్తున్నాడనీ అనుకుందట. రెండుసార్లు కాఫీ కూడా ఇచ్చిందట.

"పేగు జారినవాడు బండి తోస్తాడా! నేను మీ మేస్త్రినా? ముందు ఆ మంచమెక్కు, చూడనీ" అని అరిచింది. వార్డంతా లేచి కూర్చుంది.

డాక్టరు వచ్చి చూసి, ఉబ్బు పెరిగిందని చెప్పి పోయినారు. నాయన పంచె సరిచేసుకొని, ఇన్నాళ్ళు మనసులో ఉన్నదంతా బయటపెట్టినాడు.

"అమ్మా, నేను తప్పుగా అనలా. నాకు వెనక వచ్చినోళ్ళు ఎంతమంది లోపలికి పోయినారో నా కళ్ళతో చూస్తి. నిన్న ఒక పిలకాయ పోయె. మొన్న ఒక ముసలాయన పోయె. వాళ్ళను తోసుకొని పోయిందే నేను. నన్ను మాత్రం ఒక్కరూ పిలవలా."

సిస్టర్ ఆయన పక్కన స్టూలు వేసుకొని కూర్చుంది. అంత పనిలో ఉన్న మనిషి కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

"ఆ పిల్లాడికి కడుపులో అపెండిక్స్ పగిలింది. ఆ ముసలాయన కాలు లారీ కింద పడింది. వాళ్ళు నీ వెనక వచ్చినవాళ్ళు కాదయ్యా. వాళ్ళది వేరే దారి. ఇప్పుడు చేయకపోతే ప్రాణం పోయేవి కొన్ని. కొన్ని ఎక్కువ నాళ్ళు ఆపకూడదు, లోపల గడ్డ పెరుగుతుంది. నీలాంటివి చేయాల్సిందే, కానీ ఆగగలవు. ఆపరేషన్ బల్ల ఒకటి, మత్తు డాక్టరు ఒకరు. ఆగగలిగేవాళ్ళలో మాత్రం ముందు వచ్చినవాళ్ళకు ముందు. నీ దగ్గు తగ్గేదాకా ఎట్లాగూ నిన్ను కోయరు. నువ్వు ఇంట్లో నిద్రపోతున్నా నీ వరుస నడుస్తూనే ఉంటుంది. నిలబడితే ముందుకు రాదు, నిలబడకపోతే వెనక్కు పోదు."

నాయన నా వైపు తిరిగినాడు.

"పత్తి రూములో నిప్పు పడినట్టు" అన్నాడు చివరికి. "నిప్పు పడితే ఎవడి మిషన్‌కు ముందు పని అని చూడము. నీళ్ళ బకెట్లు అటే పోతాయి."

నేను ఆ మాట అరవంలో చెప్పాను. సిస్టర్ నవ్వింది. "అదే. నువ్వు ఇప్పుడు నిప్పు కాదు. కాకూడదనే మా ప్రయత్నం. కానీ విను. ఉబ్బు లోపలికి పోక, గట్టిగా అయి, నొప్పి పుట్టి, వాంతి వచ్చిందంటే అది నిప్పే. అప్పుడు తేదీ అడగొద్దు, వరుస అడగొద్దు, నేరుగా రా. ఏదీ, తిరిగి చెప్పు."

నాయన చేత రెండుసార్లు చెప్పించింది. నా చేత ఒకసారి. బి.ఏ. అని వదలలేదు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ మేకకు ఆకు వేస్తూ, "కట్టుకున్న ఇంట్లో ఒక కుండ ఎత్తి పెట్టమంటే నొప్పి, ఆసుపత్రిలో బండి తోసేదానికి నొప్పి లేదా?" అంది. అమ్మ పేరు పాప్పమ్మాళ్. నాయన మేకకు తానే ఆకు వేసినాడు.

ఆ తర్వాత నాయన ఇంట్లోనే కాచుకున్నాడు. మిల్లులో మేస్త్రిని అడిగితే బేళ్ళు మోసే పని తప్పించి, ఊడ్చే పని ఇచ్చినాడు. దగ్గు కొంచెం కొంచెంగా తగ్గింది. ఆసుపత్రినుంచి కార్డు వచ్చింది, తేదీ వేసి. తేదీ ఇంకా దూరమే, అయినా కార్డు చూసి ఆయన మొహం పర్మనెంటు అయిననాటి మొహంలా అయింది.

తేదీకి చాలా ముందే, ఒక సోమవారం పొద్దున, నేను ఆఫీసుకు జడ వేసుకుంటుంటే, అమ్మ లోపలినుంచి "పొన్నూ" అని పిలిచింది. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

నాయన చాపమీద మోకాళ్ళు కడుపుకు లాక్కొని పడుకొని ఉన్నాడు. పక్కన మట్టి చట్టిలో వాంతి. ఉబ్బు గట్టిపడి రాయిలా ఉంది. ఎంతసేపు పడుకున్నా పోలేదట. తెల్లారకముందునుంచీ ఓర్చుకుంటున్నాడు.

"నాయనా లే, పోదాం."

"నా తేదీ ఇంకా రాలా."

"సిస్టర్ ఏం చెప్పింది?"

"ఆమె చెప్తుంది. ఈ పొద్దు తేదీ ఉండేటోడు ఒకడు అక్కడ ఉంటాడు కదా. వాడు ఎన్నాళ్ళు కాచుకున్నాడో. నేను పోయి వాడి ముందర దూరేదా? గేటు కాడ అట్లా దూరినోణ్ణి మేము మనిషిగా చూసినామా? నొప్పి తగ్గుతుంది. తగ్గకపోతే చూస్తాం."

ఆయన పళ్ళు బిగించి చెబుతున్నాడు. ఆయన చెయ్యి పట్టి లేపబోయాను. నేను నేర్చుకున్న మాటలన్నీ ఇంగ్లీషులోనూ అరవంలోనూ ఉన్నాయి, ఆయనకు పనికొచ్చేది ఒకటీ లేదు. అమ్మ ఆయన తలదగ్గర కూర్చుంది.

"ఏమయ్యా, నీ రూములో నిప్పు పడితే, ఎవరికో తొందర పని ఉండాదని నీళ్ళు పోయకుండా నిలబడతావా? ఇప్పుడు కాలేది నువ్వు. నువ్వు కాలిపోతే ఆ కాచుకున్నోడికి ఏం వస్తుంది? నాకు ఏం మిగులుతుంది?"

నాయన కళ్ళు మూసుకున్నాడు. "శరి" అన్నాడు.

మిల్లులో పత్తి దించి ఖాళీగా పోతున్న లారీని ఆండి మామ రోడ్డుకు అడ్డం నిలబడి ఆపినాడు. పత్తి పీచు ఇంకా పరుచుకొని ఉన్న లారీ వెనక నాయనను పడుకోబెట్టి, తల అమ్మ ఒళ్ళో పెట్టి తీసుకుపోయాము.

మరియపుష్పం సిస్టర్ మమ్మల్ని వాకిట్లోనే చూసింది. కార్డు అడగలేదు. ఉబ్బుమీద చెయ్యి పెట్టి, డాక్టర్లకు కేక వేసింది. చుట్టూ పరుగులు. నాయన ఇన్నాళ్ళు తోసిన స్ట్రెచర్‌మీదే నాయనను తోసుకుపోయినారు. తలుపులు మూసుకున్నాయి.

మేము వరండాలో నేలమీద కూర్చున్నాం. అమ్మ ఏ సామికి మొక్కుతోందో పెదాలు కదులుతున్నాయి. అప్పుడు వార్డులోంచి ఒకాయన బయటికి వచ్చినాడు. ఆపరేషన్‌కు వేసే పచ్చ గౌను, కాళ్ళు గొరిగి ఎర్రమందు పూసి ఉన్నాయి. పిక్కలమీద నరాలు తాళ్ళలా మెలికలు తిరిగి ఉన్నాయి, ఒక చీలమండ దగ్గర పుండుకు కట్టు. వచ్చి మా పక్క స్తంభానికి ఆనుకొని, ఎవరికీ అర్థం కాదనుకొని, మా భాషలోనే తిట్టడం మొదలుపెట్టినాడు.

"ఎవడో పొద్దున్నే వచ్చి నా బల్లమీద పండుకున్నాడంట! నిన్న రాత్రినుంచి నీళ్ళు తాగకుండా నేను, బల్ల వానికి! వాని పేగు తెగ!"

అమ్మ తల ఎత్తింది. "తెగకుండా చూసేదానికే లోపలికి తీసుకపోయినారు నాయనా. ఆయన నా మొగుడు."

ఆయన చప్పున మావైపు తిరిగినాడు.

"మీరు... మీరు మన మాట మాటాడేవాళ్ళా?"

"మాటాడేవాళ్ళమే. నీ తిట్లు ఒకటీ పోకుండా వింటిమి."

ఆయన గౌను వెనక ముడి పట్టుకొని, మెల్లగా కిందికి జారి, మాకు కొంచెం దూరంగా కూర్చున్నాడు. "అక్కా, ఆకలి. ఆకలిలో నోరు అట్లే పోయింది."

"ఇంక ఆపరేషన్ లేదు కదా, తినొచ్చు కదా" అన్నాను నేను.

"సిస్టర్ తినమనింది. రోషానికి తినలా."

అమ్మ నన్ను చూసింది. నేను బయటికి పోయి ఇడ్లీ, కాఫీ తెచ్చాను. ఆయన ఆకు విప్పి, మమ్మల్ని తినమని అడిగి, మేము వద్దంటే తాను తిన్నాడు.

ఆయన పేరు ఆరోగ్యసామి. ఊరు సూలూరు. పవర్‌లూమ్ నేసేవాడు. రోజంతా నిలబడే పని, రెండు లూములమధ్య. నిలబడి నిలబడి కాళ్ళ నరాలు ఉబ్బి పుండు పడింది. మాకన్నా ముందునుంచి కాచుకుంటున్నాడు. తేదీ వచ్చిందని లూమ్ ఓనరు కాళ్ళా వేళ్ళా పడి సెలవు తెచ్చుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ పోయి మళ్ళీ సెలవు అడగాలి.

"మావల్ల కదా" అంది అమ్మ.

"మీవల్లే" అన్నాడు ఆయన. కాఫీ తాగి గ్లాసు పక్కన పెట్టినాడు. "కోపం పోయిందని అబద్ధం చెప్పను అక్కా. ఉండాది. అది ఉండనీ. మీ ఆయనా ఉండనీ. రెండూ ఉండొచ్చు."

బట్టలు మార్చుకొని ఇంటికి పోవచ్చు. పోలేదు. తలుపులు తెరుచుకునేదాకా మా పక్కనే కూర్చున్నాడు. మధ్యలో అమ్మ ఏడిస్తే, సూలూరు మిలిటరీ ఏరోప్లేన్ల చప్పుడుకు వాళ్ళ వీధి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసిన కథ చెప్పి నవ్వించినాడు. అది నిజమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.

సిస్టర్ వచ్చింది. పేగు ముక్క ఒకటి నల్లబడి ఉందట. వేడినీళ్ళ గుడ్డ కప్పి కాచుకొని చూస్తే రంగు తిరిగిందట, కోసి తీసే అవసరం రాలేదట. "ఇంకొంచెం ఆలస్యమైతే వేరే కథ" అంది. అమ్మ ఆమె కాళ్ళకు దండం పెట్టబోతే, "ఆ పని ఇంట్లో చేసుకో, నాకు పని ఉంది" అని పోయింది. ఆమె కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

సాయంకాలం నాయన మాట్లాడగలిగినాడు. నీళ్ళు అడుగుతాడని అమ్మ వంగితే, ఆయన అడిగింది వేరే.

"ఎవరిది పోయింది?"

"నాది" అన్నాడు తలుపు దగ్గరనుంచి ఆరోగ్యసామి. సూలూరు బస్సుకు పోతూ చూసిపోదామని వచ్చినాడు. "నా బల్ల బాగుండిందా అన్నా?"

నాయన ఆయన్ను చూసినాడు. లేవడానికి ప్రయత్నిస్తే అమ్మ అదిమి పట్టుకుంది.

"తంబీ, నేను దూరినాను."

"దూరినావు. నేను గట్టిగా తిట్టినాను. శరికి శరి. దగ్గొద్దు, నా బల్లమీద వేసిన కుట్లు ఊడిపోతాయి" అన్నాడు ఆరోగ్యసామి. నాయన నవ్వబోయి, కుట్లు లాగి, నవ్వూ నొప్పీ కలిసిన మొహం పెట్టినాడు. ఆరోగ్యసామి కుంటుకుంటూ మెట్లు దిగి పోయినాడు.

నాయన కోలుకొని ఇంటికొచ్చినాడు. లీవు ముగిసి మిల్లుకు పోయినాడు. అంతా మేలు జరిగింది. ఆ తర్వాత నా పెళ్ళి చూసినాడు, నా బిడ్డల్ని ఎత్తుకున్నాడు.

ఆరోగ్యసామికి మళ్ళీ తేదీ వచ్చింది. ఆ పొద్దు కూడా ఎవరో మిద్దెమీదనుంచి పడి వచ్చినారు, మళ్ళీ వెనక్కి పంపినారు. ఆ తర్వాతి తేదీకి చేసినారు. ఆ రోజు నాయన మిల్లుకు లీవు పెట్టి, అమ్మతో కలిసి వరండాలో కూర్చున్నాడు. బండి మాత్రం తోయలేదు. సిస్టర్ తోయనివ్వలేదు.

ఆరోగ్యసామి కాళ్ళు నయమైనాయి. కానీ ఆ మధ్య కాలమంతా ఆయన పుండు కాలితో లూముల మధ్య నిలబడ్డాడు. పుండు పెద్దదయింది. ఓనరు ఆయన లూములు ఇంకొకరికి ఇచ్చి, ఆయన్ను కూర్చొని నూలు కండెలు చుట్టే పనికి మార్చినాడు, జీతం తగ్గించి. ఇదంతా ఆయన మాకు చెప్పలేదు. చాలా కాలం తర్వాత ఒక పెళ్ళిలో ఆయన భార్య తంగం అమ్మకు చెప్పింది. అదీ ఫిర్యాదులా కాదు, సంగతి వచ్చి చెప్పింది. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు నాయన సూలూరుకు పోయి వచ్చినాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. అప్పటినుంచి వాళ్ళింట్లో క్రిస్మస్‌కు మేము, మా ఇంట్లో నోముకు వాళ్ళు. ఇప్పుడు నాయనా, ఆరోగ్యసామీ ఇద్దరూ లేరు.

మరియపుష్పం సిస్టర్‌ను తలుచుకునేవాళ్ళు ఎంతమందో ఉంటారు, బతికినవాళ్ళంతా తలుచుకుంటారు. ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు మా ఇంట్లో సామి పేర్ల పక్కనే పలుకుతాం. కానీ ఆ రోజు బల్ల మీదికి పోవాల్సి, పోలేక, ఇడ్లీ తిని, మా అమ్మ పక్కన కూర్చున్న మనిషి పేరు ఏ ఆసుపత్రి గోడమీదా లేదు. నాయనకు దొరికిన ఏళ్ళన్నీ ఆయన నిలబడిన ఆ వారాల్లోంచి వచ్చినవే.

అందుకే అడుగుతున్నాను. మీరు ఎప్పుడైనా పెద్దాసుపత్రి వరండాలో కాచుకొని కూర్చున్నప్పుడు, మీ తేదీ వచ్చి కూడా, ఈ పొద్దు లేదు, ఇంటికి పోయి రమ్మని చెబితే, ఒక్క క్షణం సూలూరు ఆరోగ్యసామిని తలుచుకోండి.